కాకినాడ ప్రయోగం నుంచి సర్పంచ్ సంతకం దాకా: యువ నాయకులు ఎక్కడ తయారవుతారు?

1964లో కాకినాడకు చెందిన కొందరు చిన్న వ్యాపారులు, చిన్న పరిశ్రమల యజమానులు దాదాపు పది రోజుల పాటు ఒక కొత్త రకం శిక్షణ తీసుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించే డేవిడ్ మెక్‌క్లెలాండ్ రూపొందించిన కోర్సు అది. నిర్వహించింది హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ పేరుతో ఉన్నది అదే. ఆ కోర్సులో లెక్కల పుస్తకాలు, పన్నులు, అమ్మకాల కిటుకుల మీద పెద్దగా దృష్టి లేదు. బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. ఆ కథల్లోని మనుషులు ఏం సాధించాలనుకుంటున్నారో రాసినవాళ్లచేతే వెతికించారు. రింగులు విసిరి కొయ్యకు తగిలించే ఆట ఆడించారు. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవారే తేల్చుకోవాలి. మరీ దగ్గరైతే గెలిచినా గొప్ప కాదు, మరీ దూరమైతే అదృష్టాన్ని నమ్ముకోవాలి. తమ సత్తాకు తగ్గ దూరాన్ని ఎవరు ఎంచుకుంటున్నారు, ఒకసారి గురి తప్పాక దాన్ని ఎలా సవరించుకుంటున్నారు అన్నదే పాఠం. చివర్లో ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్లకు తమ లక్ష్యాలు తామే రాసుకున్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో మెక్‌క్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ జాగ్రత్తగా లెక్కగట్టారు. కాకినాడ నుంచి శిక్షణ పొందినవారు సుమారు 50 మంది. వాళ్లను శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చి చూశారు. కోర్సు తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది చురుగ్గా ముందుకు కదిలారు. కొత్త యూనిట్ పెట్టడమో, వ్యాపారం విస్తరించడమో, లాభాలు గట్టిగా పెంచుకోవడమో చేశారు. శిక్షణ లేనివారిలో అలా కదిలినవారు పావు వంతే. పెట్టుబడిలోనూ, కొత్తగా ఇచ్చిన ఉద్యోగాల్లోనూ తేడా స్పష్టంగా కనిపించింది. సంఖ్య చిన్నదే కాబట్టి దాని మీద అతిగా ఆధారపడకూడదు. ప్రయోగంపై తర్వాతి కాలంలో విమర్శలూ వచ్చాయి. అయినా వ్యాపార నాయకత్వాన్ని నేర్పవచ్చా అనే ప్రశ్నకు మన నేల మీద ఇంత పద్ధతిగా జవాబు వెతికిన ప్రయత్నం మరొకటి దొరకడం కష్టం.

దాని ఫలితాల్లో అందరూ చెప్పుకునేది ఆ రెట్టింపు అంకె. దానికంటే విలువైన విషయం ఇంకొకటి ఉంది. శిక్షణ అందరి మీదా ఒకేలా పనిచేయలేదు. తమ సంస్థలో నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారిలోనే మార్పు గట్టిగా కనిపించింది. అదే పది రోజులు, అదే ఆటలు, అదే ఉత్సాహం ఉన్నా, తిరిగి వెళ్లాక ప్రతిదానికీ ఇంకొకరి అనుమతి కోసం ఎదురుచూడాల్సినవారిలో ఆ ఉత్సాహం పనిగా మారలేదు. ఆచారాలు, సంప్రదాయ నమ్మకాలు వ్యాపార చొరవకు అడ్డవుతాయని అప్పట్లో చాలామంది పండితులు చెప్పేవారు. ఈ లెక్కల్లో అవి పెద్ద అడ్డంకిగా తేలలేదు. అధికారం చేతిలో లేకపోవడమే అడ్డంకిగా తేలింది.

ఆరు దశాబ్దాల తర్వాత తెలుగు రాష్ట్రాల్లో నాయకత్వ శిక్షణకు కరువు లేదు. బిజినెస్ స్కూళ్లు, ఇంజనీరింగ్ కాలేజీల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు, కంపెనీల్లో వర్క్‌షాపులు, పార్టీల యువజన విభాగాల శిబిరాలు, సర్పంచులకు ఓరియెంటేషన్లు ఇలా ఎన్నో ఉన్నాయి. నేర్చుకున్నవారు తిరిగి వెళ్లి కూర్చునే కుర్చీలో ఏ మాత్రం అధికారం ఉందన్న సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు. వ్యాపారంలోనూ, స్థానిక రాజకీయాల్లోనూ మన యువతకు అసలు లోటు అక్కడే ఉంది.

టైటిల్ ఉంది, అధికారం లేదు

హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీల్లో ముప్పై ఏళ్లు నిండకముందే వేల మంది టీమ్ లీడ్‌లు అవుతున్నారు. టీమ్‌లో ఎవరిని తీసుకోవాలో వాళ్లు తేల్చరు. జీతం పెంపు వాళ్ల చేతిలో ఉండదు. అప్రైజల్ రేటింగులు పైన ఖరారయ్యాక, వాటిని కింది వాళ్లకు చెప్పి ఒప్పించే పని మాత్రం వాళ్లదే. తాను తీసుకోని నిర్ణయాన్ని తనదిగా చెప్పాల్సి రావడం మనిషిని మాటకారిని చేస్తుందేమో కానీ, బాధ్యత మోయడం నేర్పదు. ఐదారేళ్లు ఇలా గడిపినవారికి ప్రాజెక్టు నడపడం వస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఏ పని ఆపేయాలి, ఎవరికి కాదని చెప్పాలి అన్నప్పుడు తడబడతారు. అది వాళ్ల తెలివితేటల లోపం కాదు, అభ్యాసం దొరకకపోవడం.

కుటుంబ వ్యాపారాల్లో పరిస్థితి మరో రకం. గుంటూరు మిర్చి వ్యాపారం కావచ్చు, మిర్యాలగూడ రైస్ మిల్లు కావచ్చు, భీమవరం ఆక్వా కావచ్చు, ఏ ఊళ్లోనో మందుల ఏజెన్సీ కావచ్చు. ఎంబీఏ చేసి వచ్చిన కొడుకో కూతురో కౌంటర్‌లో కూర్చుంటారు. కంప్యూటర్ బిల్లింగ్ పెడతారు, జీఎస్టీ రిటర్నులు చూసుకుంటారు, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటారు. చెక్కుల మీద సంతకం నాన్నదే. ఏ పార్టీకి ఎంత అరువు ఇవ్వాలో తేల్చేదీ నాన్నే. అరువు రాని చోట గట్టిగా అడిగి వసూలు చేసేదీ నాన్నే. డీలర్లు కూడా పెద్ద విషయం వస్తే "నాన్నగారితో మాట్లాడతాంలే బాబూ" అంటారు. తండ్రి తప్పుకునే రోజుకు పిల్లలకు నలభై దాటుతుంది. నష్టం వస్తే ఎలా ఉంటుందో, మార్కెట్‌లో మాట పోతే ఏమవుతుందో వాళ్లు మొదటిసారి చూసేది అప్పుడే. అప్పటికి పణం చాలా పెద్దదై ఉంటుంది.

ఇందులో పెద్దల తప్పు కూడా పూర్తిగా లేదు. చిన్న వ్యాపారంలో ఒక్క తప్పుడు అరువు ఏడాది లాభాన్ని తినేస్తుంది. ఆ భయం నిజమైనదే. అందుకే మొత్తం వ్యాపారాన్ని అప్పగించడమా, ఏమీ ఇవ్వకపోవడమా అనే రెండే దారులు ఉన్నట్టు చాలా ఇళ్లలో అనుకుంటారు. మధ్యలో ఒక దారి ఉంది. ఒక బ్రాంచో, ఒక కొత్త సరుకో, ఒక జిల్లా అమ్మకాలో పూర్తిగా యువతరానికి వదిలి, అందులో ఎంత వరకు పోయినా తట్టుకోగలమో ముందే మాట్లాడుకోవాలి. ఆ హద్దు దాటేదాకా పెద్దలు జోక్యం చేసుకోకూడదు. రింగుల ఆటలో మధ్య దూరం అంటే ఇదే. నష్టం వచ్చే అవకాశం నిజంగా ఉండాలి, ఇల్లు మునిగిపోయేంత ఉండకూడదు.

పట్టణాల్లో జేసీస్ (జేసీఐ అనే అంతర్జాతీయ యువజన సంస్థ స్థానిక శాఖలు) లాంటి క్లబ్బుల విలువ ఇక్కడే తెలుస్తుంది. జేసీఐ సభ్యత్వం 18 నుంచి 40 ఏళ్ల వాళ్లకే. పదవి ఏదైనా ఒక్క ఏడాదే. ఏటా కొత్త అధ్యక్షుడు, కొత్త కార్యవర్గం వస్తారు. బడ్జెట్ చిన్నది, చేసే పనులూ రక్తదాన శిబిరాలు, పోటీలు, సన్మానాల స్థాయివే. అయినా ఒక మెడికల్ షాపు యజమాని ఏడాది పాటు ఎజెండా తయారు చేయడం, భిన్నాభిప్రాయాన్ని వినడం, ఓటింగ్ పెట్టడం, ఖర్చుకు లెక్క చెప్పడం, ఆ తర్వాత కుర్చీ దిగి మామూలు సభ్యుడిగా కూర్చోవడం అలవాటు చేసుకుంటాడు. చివరిది ముఖ్యం. పదవి దిగడం తెలిసినవాడికి పదవిలో ఉండగా ఎలా ఉండాలో కూడా త్వరగా తెలుస్తుంది.

పొదుపు సంఘాలు నేర్పిన పాఠం

తెలుగు నేలపై అతి పెద్ద నాయకత్వ బడి ఏదని అడిగితే చాలామంది ఏ బిజినెస్ స్కూలు పేరో చెబుతారు. నిజానికి ఆ స్థానం మహిళా స్వయం సహాయక సంఘాలది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం తెచ్చిన చైతన్యం, 1992లో దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం, 1993 అక్టోబర్‌లో వచ్చిన సారా నిషేధం, ఆ వెనుకే ఊరూరా విస్తరించిన డ్వాక్రా గ్రూపులు, 2000 తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆధ్వర్యంలో వెలుగు పథకం, ఆపై ఇందిరా క్రాంతి పథం. ఈ వరుసలో ఎక్కడా నాయకత్వ శిక్షణ అనే మాట ముందు లేదు. ముందున్నది డబ్బు, దాని లెక్క.

పది నుంచి పదిహేను మంది ఒక గ్రూపు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ: గ్రూపుల్లో వీటినే పంచసూత్రాలు అంటారు. మొదటి లీడర్, రెండో లీడర్ బ్యాంకుకు వెళ్లి సంతకాలు పెట్టాలి. ఎవరికి అప్పు ముందు ఇవ్వాలన్నది గ్రూపే తేలుస్తుంది. కట్టనివాళ్ల ఇంటికి వెళ్లి అడగాల్సిందీ గ్రూపే. పక్కింటామెకు కాదని చెప్పి, మర్నాడు ఆమెతో మళ్లీ మామూలుగా మాట్లాడగలగడం ఏ తరగతి గదిలోనూ రాదు. గ్రూపు నుంచి గ్రామ సమాఖ్య, అక్కడి నుంచి మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. మెట్టు పెరిగేకొద్దీ డబ్బు పెరుగుతుంది, తగాదాలు పెరుగుతాయి, బాధ్యత పెరుగుతుంది. ఇలా తయారైన మహిళలు సీఆర్‌పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి అక్కడి మహిళలకు గ్రూపులు నడపడం నేర్పి వచ్చారు. భాష రాని చోట, పెద్ద చదువుల్లేని ఆడవాళ్లు ఆ పని చేయగలిగారంటే వాళ్ల వెనుక ఏళ్ల తరబడి నిర్ణయాలు తీసుకున్న అనుభవం ఉంది.

హన్మకొండ జిల్లా ముల్కనూరులో ఇదే సూత్రం వ్యాపార స్థాయికి ఎదిగింది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ సహకార సంఘం మొదలైంది. అప్పు ఇవ్వడం దగ్గరే ఆగకుండా పంట కొనుగోలు, నిల్వ, మిల్లింగ్, విత్తనాల దాకా వెళ్లింది. ఆ ప్రాంతంలోనే పొదుపు సంఘాల మహిళలు 2000లో సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నది వాళ్లే. దానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చాలా ఉపయోగపడింది. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకునే వీలు అది కల్పించింది. పాల ధర ఎంత ఇవ్వాలి, లాభం పంచాలా యంత్రాలు కొనాలా అన్నది ఎన్నికైన పాలకవర్గం తేల్చాలి. తప్పు చేస్తే సభ్యులే నిలదీస్తారు. వ్యాపార నైపుణ్యం, ప్రజాస్వామ్య అలవాటు రెండూ ఒకే బల్ల దగ్గర నేర్చుకునే చోటు అది. యువ ఎంబీఏలు ఇంటర్న్‌షిప్ కోసం పెద్ద కంపెనీల వెంట పడుతున్నారు. ఇలాంటి సంఘాల బోర్డు సమావేశాల్లో ఒక ఏడాది కూర్చుంటే వాళ్లకు ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

ఊరి రాజకీయంలో అడుగు పెట్టాలంటే

రాజ్యాంగంలోని 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలి. పంచాయతీలకు 21 చాలు. అంటే స్థానిక సంస్థలు యువతకు మొదటి మెట్టు కావాలన్నది రాజ్యాంగంలోనే ఉన్న ఆలోచన. ఆ మెట్టు పనిచేసిన సందర్భాలు మనకు తెలుసు. 1980ల మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం మండల వ్యవస్థ తెచ్చి, 1987లో ఎన్నికలు జరిపింది. అప్పుడు ఎంపీపీలుగా మొదలైనవారిలో పలువురు తర్వాత శాసనసభ దాకా వెళ్లారు. రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా జడ్పీటీసీ అయ్యారు. మరుసటి ఏడాది ఎమ్మెల్సీ, 2009లో కొడంగల్ ఎమ్మెల్యే, 2023లో ముఖ్యమంత్రి. రాజకీయంగా ఆయన్ను ఇష్టపడినా పడకపోయినా, పార్టీ టికెట్ కూడా లేకుండా ఒక మండలం నుంచి మొదలైన ప్రయాణం అది.

సర్పంచ్ పదవిలో యువతకు నిజంగా ఏం దొరుకుతుంది? ముందు అధికారం సంగతి. ఆర్థిక సంఘం నిధులు నేరుగా పంచాయతీకి వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 లెక్క ప్రకారం అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంటుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది. చెక్ పవర్ సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది. ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. అతడు వేరే వర్గం నుంచి రావచ్చు. కాబట్టి పదవిలోకి రాగానే మొదటి పరీక్ష తనను వ్యతిరేకించేవాడితో కలిసి సంతకం పెట్టడం.

వ్యాపారం నుంచి వచ్చినవారికి ఇది కొత్తగా, చిరాగ్గా ఉంటుంది. కంపెనీలో మాట వినని ఉద్యోగిని మార్చుకోవచ్చు, గిట్టని కస్టమర్‌ను వదిలేయవచ్చు. ఊళ్లో తనకు ఓటు వేయని కుటుంబం కూడా రేపు కుళాయి నీళ్ల కోసం తన దగ్గరికే వస్తుంది. రావాలి కూడా. పంచాయతీ కార్యదర్శి సర్పంచ్ ఉద్యోగి కాదు, ప్రభుత్వ ఉద్యోగి. కలెక్టర్‌కు సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం ఉంది. ఆదేశించడం కంటే ఒప్పించడం ఎక్కువగా చేయాల్సిన పదవి ఇది. ఈ ఒప్పించే పని వ్యాపారానికీ పనికొస్తుంది. మండల సమావేశంలో ఇంజనీరును, ఎంపీడీవోను, ఎమ్మెల్యే మనుషులను ఒకే దారికి తెచ్చిన మనిషికి డీలర్ల సమావేశం కష్టమనిపించదు.

ఇక ఎదురయ్యే అడ్డంకులు. తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 3,000. ఎన్నికల ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి తెలంగాణలో ఐదు వేలకు పైగా జనాభా ఉన్న ఊరికి 2.5 లక్షలు, అంతకంటే చిన్న ఊరికి 1.5 లక్షలు. వాస్తవంలో చాలా చోట్ల ఖర్చు దీన్ని ఎన్నో రెట్లు దాటుతుందని ఊళ్లలో అందరికీ తెలుసు. పోటీ చేసేవారి ఓటు ఆ పంచాయతీలోనే ఉండాలి. కాబట్టి ఊరి మీద ప్రేమ ఉన్నా ఓటు హైదరాబాద్‌కో బెంగళూరుకో మార్చుకున్న ఉద్యోగి నిలబడలేడు. గత కొన్నేళ్లలో తెలంగాణలో చాలామంది సర్పంచులు సొంత డబ్బు, అప్పులు పెట్టి పనులు చేయించి, బిల్లులు రాక రోడ్డెక్కారు. పదవీకాలం ముగిశాక కూడా ఆ బాకీలు వాళ్లను వదల్లేదు. ఇది చూసిన ఏ యువ ఇంజనీరుకైనా ఇంట్లో "నీకెందుకురా ఈ టెన్షన్" అనే మాట ఎదురవుతుంది. ఆ మాట అనే తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

కొన్ని ఊళ్లలో పదవిని వేలం పాటలో ఎక్కువ పాడినవారికి ఇచ్చేసి, ఏకగ్రీవం అని ప్రకటిస్తారు. గుడికి డబ్బు వచ్చింది, గొడవలు తప్పాయి అని సంతోషిస్తారు. నష్టం కనపడదు. పోటీ లేని చోట కొత్తవాడికి ఊరి ముందు నిలబడి తన మాట చెప్పే అవకాశమే పోతుంది. ఓడిపోయినా ఆ అనుభవం మిగిలేది. మహిళా రిజర్వేషన్ స్థానాల్లో భర్తలు పెత్తనం చేసే చోట్ల జరిగేదీ ఇలాంటి నష్టమే. కాకినాడ లెక్కలు చెప్పినట్టు, సంతకం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు ఎన్ని శిక్షణలు ఇచ్చినా ఫలితం రాదు. అదే మహిళ పొదుపు సంఘంలో లీడర్‌గా పనిచేసి వచ్చి ఉంటే, భర్తను పక్కన కూర్చోబెట్టి తానే మాట్లాడగలిగే అవకాశం ఎక్కువ. లెక్కల పుస్తకం ఆమెకు అప్పటికే అలవాటు.

మూతపడుతున్న తలుపులు

ఇన్ని కష్టాలున్నా ముందుకొచ్చే యువత ఉన్నారు. వాళ్లకు పోటీ చేసే చోటే తగ్గిపోవడం అన్నింటికంటే బాధాకరం. విశాఖపట్నం నగర పాలక సంస్థకు 2012 తర్వాత 2021 దాకా ఎన్నికైన పాలకవర్గం లేదు. గుంటూరులోనూ 2021 దాకా ఏళ్ల తరబడి అదే పరిస్థితి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ప్రారంభంలో ముగిసింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, ఎన్నికైన పంచాయతీలు లేవని కేంద్ర నిధులు కూడా నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013 తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేక నామినేటెడ్ కమిటీలే నడిపాయి. మార్కెట్ కమిటీ పదవులూ నామినేషన్ మీదే. ఒక యువ కార్పొరేటర్‌కు తొమ్మిదేళ్ల విరామం అంటే ఒక తరం మొత్తం నేర్చుకోకుండా పోవడమే. నామినేటెడ్ పదవి వచ్చినవాడు ఎవరికి జవాబు చెప్పాలో ముందే నేర్చుకుంటాడు: తనను నియమించిన నాయకుడికి.

కాలేజీల సంగతీ అంతే. వెంకయ్య నాయుడు 1970లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘ నాయకుడిగా ఎదిగి, 1978లో ఉదయగిరి ఎమ్మెల్యే అయ్యారు. ఇప్పుడు ఉస్మానియా, ఆంధ్ర లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు దశాబ్దాలకు పైగా విద్యార్థి సంఘాలకు ఎన్నికలు లేవు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం జరుగుతున్నాయి. హింస, కులం, డబ్బు పేరుతో ఎన్నికలు ఆపారు. ఆ భయాలకు కారణాలు లేకపోలేదు. అయితే 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫార్సులు వాటికి జవాబు చూపాయి. అభ్యర్థికి 5,000 రూపాయల ఖర్చు పరిమితి, 75 శాతం హాజరు, వయోపరిమితి లాంటివి అందులో ఉన్నాయి. ఎన్నికలు పోయాక కులమూ పోలేదు, డబ్బూ పోలేదు. ఓడిపోయి కూడా మర్నాడు క్లాసులో కలిసి కూర్చునే అలవాటు మాత్రం పోయింది. ఇప్పుడు యువ నాయకుడంటే ఫ్లెక్సీ మీద ఫొటో, బైక్ ర్యాలీలో ముందు వరుస. పార్టీ యువజన విభాగాల్లో ఏళ్లు పనిచేసినవారిలో ఒక్క పైసా బడ్జెట్ నడిపినవారు ఎంతమంది ఉంటారు?

ఈ ఖాళీని కుటుంబాలు నింపుతున్నాయి. 26 ఏళ్లకే ఎంపీ అయిన రామ్మోహన్ నాయుడు, 2023లో 26 ఏళ్లకే ఎమ్మెల్యేలైన మైనంపల్లి రోహిత్, యశస్వినీ రెడ్డి సమర్థులు కారని అనడం లేదు. వాళ్లకు పేరు, డబ్బు, కార్యకర్తలు ఇంటి నుంచి వచ్చాయి. అవేవీ లేని ఒక ఆడిటర్‌కో, ఆగ్రో ఇంజనీర్‌కో అదే వయసులో అక్కడికి చేరే దారి వార్డు నుంచే మొదలవ్వాలి. కేరళలో 1996 ప్రజా ప్రణాళిక ఉద్యమం నుంచి స్థానిక సంస్థలకు ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు మించి ఇచ్చారు. ఎన్నికైన ప్రతి సభ్యుడికి స్థానిక పాలన శిక్షణ సంస్థ కిలా ద్వారా పదవీకాలం పొడవునా శిక్షణ ఉంటుంది. 2020లో 21 ఏళ్ల ఆర్యా రాజేంద్రన్ తిరువనంతపురం మేయర్ కావడానికి పార్టీ నిర్ణయం ఒక కారణమైతే, అలాంటి పదవికి పనికొచ్చే వ్యవస్థ అప్పటికే ఉండటం ఇంకో కారణం.

ఇప్పుడే మొదలుపెట్టగలిగిన చోట్లు

సర్పంచ్ కాకుండానే చేతికి కొంత అధికారం వచ్చే చోట్లు ఉన్నాయి. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి సందర్భంగా ప్రతి పంచాయతీలో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతల కోసం నాలుగు స్థాయీ సంఘాలు వేశారు. ఒక్కోదానిలో 15 మంది పౌరులు. చాలా ఊళ్లలో ఇవి కాగితం మీదే మిగిలాయి. వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లి చూస్తే కమిటీలు నిజంగా పనిచేస్తే ఏమవుతుందో తెలుస్తుంది. కూసం రాజమౌళి నాయకత్వంలో అక్కడ తాగునీటికి, పన్నుల వసూలుకు, పారిశుద్ధ్యానికి ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ ఏర్పడింది. ఇంటింటికీ ఏదో ఒక కమిటీలో బాధ్యత ఉంది. పన్నులు నూటికి నూరు శాతం వసూలవడం, ఊరు మద్యానికి దూరంగా ఉండటం దాని ఫలితాలు. అక్కడ ఒక యువకుడు నీటి కమిటీ లెక్క చూసుకుంటున్నాడంటే, అతడు ఇరవై రెండేళ్లకే వినియోగదారులు, రేట్లు, బకాయిలు, ఫిర్యాదులు అన్నీ ఎదుర్కొంటున్నట్టు.

2018 చట్టం కో-ఆప్షన్ సభ్యులుగా ముగ్గురిని తీసుకోమంటుంది. వాళ్లు ఒక సీనియర్ సిటిజన్ లేదా రిటైర్డ్ ఉద్యోగి, ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ఒక దాత. ఊళ్లోని యువ వృత్తి నిపుణుల కోసం నాలుగో చోటు చేరిస్తే పెద్ద ఖర్చేమీ లేదు. పంచాయతీ అకౌంట్లను ఒక చార్టర్డ్ అకౌంటెంట్, తాగునీటి పథకాన్ని ఒక సివిల్ ఇంజనీరు బయటి సలహాదారుగా కాకుండా సభలో కూర్చుని ప్రశ్నించే వీలు కలుగుతుంది. నగరాల్లో మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ చెబుతోంది. వాటిని సరిగా వేస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో లిఫ్ట్ మెయింటెనెన్స్ దగ్గర తగాదా పడుతూ నేర్చుకుంటున్న చాలామందికి కాలనీ రోడ్డు, డ్రైనేజీ మీద మాట్లాడే స్థానం వస్తుంది.

శిక్షణ సంస్థలూ తమ పద్ధతి మార్చుకోవాలి. కొత్త సర్పంచులకు మొదటి నెలలో చట్టాలన్నీ ఒకేసారి చెప్పి పంపించేస్తే ఎక్కువభాగం గుర్తుండదు. అప్పటికి వాళ్ల ముందు ఒక్క బిల్లు కూడా రాలేదు. ఆరు నెలల తర్వాత, తొలి గ్రామసభలో మాటలు పడ్డాక, ఉప సర్పంచ్ సంతకం పెట్టనన్నాక పిలిస్తే వాళ్లే ప్రశ్నలతో వస్తారు. వార్డు సభ్యులను కూడా పిలవాలి. ఒక పంచాయతీలో 5 నుంచి 21 దాకా వార్డులు ఉంటాయి. రేపటి సర్పంచ్, ఎంపీటీసీ అభ్యర్థులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తారు. వాళ్ల గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. జిల్లా చాంబర్ ఆఫ్ కామర్స్‌లు తమ యువ విభాగాల సభ్యులను ఈ శిక్షణల్లో కలిపి కూర్చోబెడితే రెండు వైపులా లాభం. రైస్ మిల్లు నడిపే యువకుడికి ప్రజల ముందు ఖర్చుకు లెక్క చెప్పడం తెలుస్తుంది. వార్డు సభ్యురాలికి క్యాష్ ఫ్లో అంటే ఏమిటో, బిల్లు ఆలస్యమైతే కాంట్రాక్టర్ ఎందుకు పని ఆపుతాడో అర్థమవుతుంది. 16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి ఐదేళ్లు. ఆ ఐదేళ్ల నిధుల చెక్కుల మీద సంతకం పెట్టేది గ్రామసభలో అప్పటికే నాలుగు ప్రశ్నలు ఎదుర్కొన్న వార్డు సభ్యులా, నిన్నటిదాకా ఫ్లెక్సీల మీద మాత్రమే కనిపించినవారా అన్నది ఈ శిక్షణలు ఎవరికి, ఎప్పుడు ఇస్తారన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది.